మునిలక్ష్మమ్మ చుట్టిన జత

పొద్దున ఆరింటికి బాగలూరు నుంచి హోసూరు వచ్చే దారి పక్కన నిలబడితే, ఆ పక్క మోటారు సైకిళ్ల వాలకమే వేరుగా కనిపించేది. ఖాళీ బండికి వెనక భాగం, దూకబోయే మేకలాగా పైకి లేచి ఉండేది. అదే బండి మీద రెండు బస్తాల చామంతి, దాని పైన ఒక గంప రోజాలు వేస్తే అప్పుడు సమంగా దిగేది. పూలు, పాల క్యాన్లు, టమాటా బుట్టలు మోసే ఊళ్లవి ఆ బండ్లు. కొత్త బండి కొన్నవాడు నిమ్మకాయలు తొక్కించి, అట్నుంచి అటే బాగలూరు రోడ్డులో ఉన్న వరదప్ప షెడ్డుకు పోయేవాడు. వరదప్ప వెనక చక్రం కుదుపులు మింగే షాకులు విప్పి, బలమైన స్ప్రింగులు వేసి, వెనక భాగాన్ని బండరాయిలాగా చేసి ఇచ్చేవాడు. గట్టిగా ఉన్నదే మంచి షాకు, మెత్తగా ఉన్నది చెడిపోయిన షాకు. ఈ మాట మీద ఆ చుట్టుపక్కల ఎవరికీ రెండో అభిప్రాయం లేదు.

ఆ బలమైన స్ప్రింగులు తయారయ్యేది హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో శ్రీనివాసప్ప నడిపే చిన్న షెడ్డులో. వాటిని చుట్టేది మునిలక్ష్మమ్మ.

ఆమెది బాగలూరుకు అవతల ఉన్న పల్లె. ఏడో తరగతి వరకే ఆ ఊళ్లో బడి. ఎనిమిదికి హోసూరు పోవాలంటే బస్సు మారాలి, ఆడపిల్ల, ఒంటరిగా ఎట్లా అన్నారు, అంతటితో చదువు ఆగింది. తరువాత ఆరేళ్లు పూలు కట్టింది. మత్తిగిరి పశువుల ఫారంలో మేత వేసే పని చేసే మారప్పతో పెళ్లయింది. తొంభై మూడులో శ్రీనివాసప్ప షెడ్డులో ప్యాకింగ్ బల్ల దగ్గర పనికి చేరింది. తయారైన స్ప్రింగులకు నూనె పూయడం, కాగితం చుట్టడం, పెట్టెలో పేర్చడం ఆమె పని. మాట తక్కువ మనిషి. ఎవరైనా పలకరిస్తే నవ్వి తల వంచుకునేది. కానీ కళ్లు మాత్రం ఊరుకునేవి కావు. బల్లకు ఎదురుగానే ఉంది స్ప్రింగులు చుట్టే లేతు. దాని మీద నాగేశప్ప అనే పెద్దాయన పని చేసేవాడు. తిరిగే కడ్డీ మీద ఉక్కు తీగను చుట్టి వదలగానే చుట్ట కొంచెం విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందో ముందే తెలిసి, అంత సన్నటి కడ్డీ ఎంచుకోవడంలోనే ఉంది ఆ పనితనమంతా. నాగేశప్ప ఎవరికీ నేర్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు. నాలుగేళ్లు చూసింది.

నాగేశప్ప కంటి ఆపరేషనుకు పోయిన నెలలో ఒక ఆర్డరు ఆగిపోయింది. శ్రీనివాసప్ప తల పట్టుకుని కూర్చుంటే, ప్యాకింగ్ బల్ల దగ్గర నుంచి చిన్న గొంతు వినిపించింది. "నేను చుట్టేదా సార్?"

శ్రీనివాసప్ప నవ్వాడు. వేరే దారి లేక సరే అన్నాడు. మొదటి స్ప్రింగు పాతసామానులోకి పోయింది, రెండోదీ పోయింది. మూడోది కొలత పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. నాగేశప్ప మళ్లీ పనికి రాలేదు, లేతు ఆమెదైంది. చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని లేతు ముందు నిలబడే ఆడమనిషిని చూడడానికి పక్క షెడ్ల వాళ్లు ఏదో పని కల్పించుకుని వచ్చేవాళ్లు. ఆమె తలెత్తేది కాదు. సాయంత్రం లేతును తుడిచే పని మాత్రం ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు.

రెండువేల రెండు జనవరిలో ఆ షెడ్డు ముందుకు ఒక టెంపో వచ్చి ఆగింది. వెనక ఒక బండి, పక్కన చేతికి కట్టు కట్టుకున్న కుర్రవాడు. అతను గోకుల్, బాగలూరు పూల వ్యాపారి చెన్నరాయప్ప కొడుకు. ఇరవై మూడేళ్లు, పూల దారంలాగా సన్నగా ఉంటాడు. మట్టి పందేలంటే పిచ్చి. పాత వంద సీసీ బండికి లైట్లూ మడ్‌గార్డులూ పీకేసి, పెద్ద గుబ్బల టైర్లు వేసి, మట్టి గుట్టల మీద దూకించేవాడు. బండి ముందు భాగం బాగానే ఉంది, వెనక పాత షాకులు చాలడం లేదని బెంగళూరు పాతసామాన్ల బజారులో వెతికి, విదేశీ పందెం బండి షాకులు ఒక జత తెచ్చుకున్నాడు. పాతవాటి కన్నా పొడుగు. స్ప్రింగును బిగించడానికి పైన మర ఉన్న రింగు, కుంగిన షాకు ఎంత వేగంగా తిరిగి లేవాలో మార్చడానికి కింద టిక్కు టిక్కుమని తిరిగే చిన్న బిరడా. వరదప్ప వాటిని బండికి అమర్చాడు. కుందారపల్లి దగ్గర హైవే పక్క బీడులో పందేనికి గుట్టలు పోస్తుంటే, అక్కడికి తీసుకుపోయి నడిపి చూశారు. మొదటి గుట్ట దూకి దిగగానే వెనక భాగం ఎగిరి తన్నింది. గోకుల్ హ్యాండిల్ మీదుగా ముందుకు పడ్డాడు. మణికట్టు బెణికింది. పందెం ఇంక నాలుగు వారాలు.

వరదప్ప టెంపో దిగుతూనే చెప్పాడు. "సీనప్పా, ఈ ఫారిన్ స్ప్రింగు పేరుకే. మన గుట్టకు తాళలేదు. తీగ అర మిల్లీ జాస్తి వేసి గట్టిగా ఒక జత చుట్టియ్యి."

శ్రీనివాసప్ప లేతు వైపు చూశాడు. మునిలక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బండి ఒకసారి చూడొచ్చా అన్నా?"

"స్ప్రింగు చుట్టేదానికి బండెందుకమ్మా? కొలత చెప్తాను, రాసుకో."

ఆమె అప్పటికే టెంపో వెనక్కి పోయింది. వంగి, స్ప్రింగు చుట్టల సందులోంచి లోపలి కడ్డీని చూసింది. పడిన రోజు నుంచి బండిని ఎవరూ కడగలేదు. షాకు కుంగినప్పుడు ఆ కడ్డీ లోపలికి పోయి వస్తుంది. లోపలికి పోయినంత మేరకు దుమ్ము తుడుచుకుపోయి తళతళమంటుంది, పోని చోట దుమ్ము అట్లాగే ఉంటుంది. ఆమె చూసినంతలో తళతళమన్నది రెండు వేళ్ల మేర. మిగిలినదంతా ఎర్రమట్టి.

"ఇది కుంగనే లేదన్నా," అంది.

"ఏంది?"

"అంత ఎత్తునించి దూకినాక గూడా రెండు వేళ్లే దిగిండాది. తాళలేకపోయింటే మొత్తం దిగిండాల గదా. ఇది మెత్తన కాదు. జాస్తి గట్టి."

వరదప్ప గట్టిగా నవ్వాడు. "ఇరవై ఏండ్లుగా షాకులు ఇప్పుతా ఉండాను. నువ్వు పూలు కట్టిన చేత్తో నాకు చెప్తా ఉండావా తల్లీ?"

"గోడ మీదినించి దూకినోడు మోకాళ్లు వంచకుండా దిగితే ఏమవుతాదన్నా?"

గోకుల్ ముందుకు వచ్చాడు. "నడుము పట్టేస్తాదక్కా. నాకు అట్లానే అయింది."

"నీ బరువెంతప్పా?"

"ఇదేం పెండ్లిచూపులా?" అన్నాడు వరదప్ప. టెంపో డ్రైవరు పకపకా నవ్వాడు. గోకుల్ సిగ్గుపడుతూ చెప్పాడు. "యాభై రెండు."

ఆమె బండి దింపించింది. గోకుల్‌ను ఎక్కి కూర్చోమంది. వెనక భాగం వేలెడు కూడా దిగలేదు. "నువ్వు గూడా వెనక కూర్చోన్నా," అంది వరదప్పతో. బొజ్జ ఉన్న మనిషి వరదప్ప. గొణుక్కుంటూ ఎక్కాడు. బండి మెల్లగా, చక్కగా, పీట మీద కూర్చున్నట్టు దిగింది.

"చూస్తిరా. ఈ స్ప్రింగు నీకు చేసింది కాదప్పా. నీకు, అన్నకు, ఇద్దరికీ చేసింది. ఆ దేశంలో దీన్ని తోలినోడు అంతుంటాడు."

వరదప్ప బండి దిగి చొక్కా సర్దుకున్నాడు. "అది నిలబడినప్పుడు కథ. దూకేటప్పుడు మెత్తన స్ప్రింగు వేస్తే అడుక్కు తగులుతాది. ఈసారి చెయ్యి కాదు, మెడ పోతాది. ఆ పాపం నాకొద్దు."

అందరూ శ్రీనివాసప్పను చూశారు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "చుట్టు. నువ్వు చెప్పినట్లే చుట్టు. కానీ ఒకటి. అది కూలి ఎత్తు తగ్గినా, ఈ పిల్లోడు మళ్లీ పడినా, షెడ్డు పేరు పోతాది. అప్పుడు లేతు మీద ఇంకొకర్ని పెడతాను. నువ్వు మళ్లీ ప్యాకింగ్ బల్లకే. సరేనా?"

ఆమె ఒకసారి లేతు వైపు చూసింది. "సరే సార్," అంది.

ఆ సాయంత్రం మత్తిగిరిలో ఇంట్లో సంగటి వడ్డిస్తూ జరిగింది చెప్పింది. మారప్ప ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "ఊరకుండలేకపోయినావా? వాళ్లడిగింది చుట్టిచ్చి గమ్మునుంటే అయిపాయె గదా."

"నాలుగేండ్లు ఊరకుండే గదా ఆ లేతు నేర్చినాను. తెలిసినాక గూడా ఊరకుండేదెట్ల?"

మారప్ప ముద్ద మింగాడు. "నువ్వు ఊరకుంటే ఆ పిల్లోడు మళ్లీ పడతాడంటావా?"

"పడతాడు."

"అట్లయితే సరే. నువ్వు బల్ల దగ్గరికి పోతే పోతివి, ఆడేమన్నా పులులుండాయా?"

ఆ శనివారం మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక పని మొదలుపెట్టింది. ఆ ఫారిన్ స్ప్రింగు కన్నా తీగ అర మిల్లీ సన్నం, చుట్టు ఒకటి ఎక్కువ. తీగ కాస్త సన్నబడినా స్ప్రింగు చాలా మెత్తబడుతుందని ఆమెకు ఎవరూ లెక్క కట్టి చెప్పలేదు. అయిదేళ్లలో వేల స్ప్రింగులను చేత్తో నొక్కి తెలుసుకున్నది. చుట్టిన జతను పొయ్యిలో పెట్టి, చివరలు సాన పట్టి, ప్రెస్సులో పెట్టి చుట్టకు చుట్ట తగిలేదాకా మూడుసార్లు నొక్కింది. అట్లా నొక్కితే కొత్త స్ప్రింగు కాస్త ఎత్తు తగ్గి, ఇంక తగ్గనని నిలబడుతుంది. నాలుగు మిల్లీలు తగ్గుతుందనుకుంది. ఆరు తగ్గింది. శ్రీనివాసప్ప తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "రెండు మిల్లీలే గదమ్మా, రింగు బిగిస్తే సరిపోతాది," అన్నాడు.

"ఇప్పుడు ఆరు తగ్గింది. ఆడ పోయి ఇంకెంత తగ్గుతాదో ఎవురు చూసినారు సార్?" అంటూ ఆ జతను పాతసామాను డబ్బాలో పడేసింది.

మరుసటి శనివారం రెండో జత. ఈసారి చుట్టల మధ్య ఎడం మార్చింది, పొయ్యిలో ఇంకొంచెం సేపు ఉంచింది. ప్రెస్సులో నాలుగు తగ్గి ఆగింది. నాలుగోసారి నొక్కింది, అయిదోసారి నొక్కింది. కదల్లేదు. రంగు వేయవద్దంది. పగులు వస్తే కంటికి కనబడాలి.

పందేనికి వారం ముందు ఆదివారం అందరూ కుందారపల్లి పోయారు. తను చుట్టిన స్ప్రింగు షెడ్డు దాటాక ఏం చేస్తుందో చూడడం ఆమెకు అదే మొదటిసారి. చేతికట్టు విప్పేసిన గోకుల్ హెల్మెట్టు, బూట్లు, అన్నీ వేసుకుని బండెక్కాడు. ఆమె దర్జీ టేపుతో వెనక చక్రం ఇరుసు నుంచి సీటు కింది బోల్టు దాకా కొలిచింది. మనిషి లేనప్పుడు ఎంత, ఉన్నప్పుడు ఎంత. చక్రం మొత్తం కదలగలిగేది ఆరు అంగుళాలు. అందులో మనిషి కూర్చుంటే రెండు దిగితే మేలని ఆమె లెక్క. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి కూడా దిగాలి కదా, పైకి మాత్రమే చోటుంటే చాలదు. కొలిస్తే రెండున్నర దిగింది. వరదప్ప రింగు రెండు చుట్లు బిగించాడు. రెండుకు వచ్చింది.

గోకుల్ బయలుదేరాడు. మొదటి గుట్ట. బండి గాలిలోకి లేచింది, దిగింది. వెనక చక్రం మట్టిని హత్తుకుని లోపలికి పోయి మెల్లగా లేచింది. తన్నలేదు. మునిలక్ష్మమ్మ ఆ చక్రం మీదినుంచి చూపు తిప్పలేదు.

అప్పుడు వచ్చింది వరుస గుంతల చోటు. ఒకదాని వెనక ఒకటి పన్నెండు మిట్టలు. నాలుగో మిట్టకు వెనక భాగం కుంగింది, ఆరో మిట్టకు ఇంకా కుంగింది, ఎనిమిదో మిట్టకు ఠపీమని అడుక్కు తగిలిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. గోకుల్ బండిని ఎట్లాగో నిలబెట్టుకుని వెనక్కి వచ్చాడు.

"నేను చెప్పలా?" వరదప్ప స్పానరు తీశాడు. "మెత్తన! అడుక్కు తగిలింది. నాలుగు చుట్లు బిగిస్తే గానీ..."

"ముట్టొద్దన్నా!"

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ గొంతు అంత పైకి లేవగలదని ఆమెకు కూడా తెలియదు. ఆమె మొహం ఎర్రబడింది. అయినా చెప్పింది. "మొదటి మిట్టకు తగల్లేదు గదా. రెండోదానికి తగల్లేదు. ఎనిమిదోదానికి తగిలింది. మెత్తనయ్యింటే మొదటిదానికే తగలాల. నేను చక్రాన్నే చూస్తా ఉన్నాను. దిగింది దిగినట్లే ఉండాది, లేచేలోపల ఇంకో మిట్ట వస్తా ఉండాది. పెండ్లిలో మొదటి పంక్తి ఆకులు ఎత్తకముందే రెండో పంక్తి వచ్చి కూర్చుంటే ఎట్లుంటాది? అట్లుండాది ఇది."

వరదప్ప స్పానరు దించాడు. బండిని చూశాడు, గుంతల వైపు చూశాడు. చేత్తో సీటును గట్టిగా నొక్కి వదిలాడు. వెనక భాగం నిద్రలోంచి లేచినట్టు బద్ధకంగా లేచింది. ఇంకోసారి నొక్కాడు. ఆ తరువాత మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"షాకు లోపలి ఆయిల్ దీన్ని లేవనియ్యకుండా పట్టుకోనుండాది," అన్నాడు తనలో తాను. "ఆ గట్టి స్ప్రింగు ఎగరకుండా పట్టేదానికి పెట్టిన బిగింపు ఇది. స్ప్రింగు మార్చినాము, దీన్ని మార్చలేదు. తప్పు నాదే." కింది బిరడాను వేళ్లతో పట్టుకుని తిప్పాడు. టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు. రెండో షాకుకూ అన్నే. మళ్లీ నొక్కి వదిలాడు. ఈసారి చురుగ్గా లేచింది, ఒకటి ఎక్కువనిపించి రెండు పక్కలా ఒక టిక్కు వెనక్కి తిప్పాడు. ఆ తిప్పడంలో ఇరవై ఏళ్ల చెయ్యి ఉంది. అది తనకు రాదని మునిలక్ష్మమ్మకు తెలిసింది, మనసులోనే ఒక దండం పెట్టుకుంది.

గోకుల్ మళ్లీ పోయాడు. పన్నెండు మిట్టలు. చక్రం మాత్రం కుట్టుమిషను సూదిలాగా కిందికీ పైకీ ఆడింది, సీటు ఉన్నచోటే ఉంది. తిరిగి వచ్చి హెల్మెట్టు తీసి, "అక్కా, వెనక చక్రం ఉండాదా రాలిపోయిందా అని తిరిగి చూసుకున్నాను," అన్నాడు.

"చూసుకుంటా పోతే మళ్లీ పడతావు. ముందర చూడప్పా," అంది. వరదప్ప నవ్వాడు. ఈసారి నవ్వు వేరే.

పందెం రోజు జనమంతా ముగింపు గీత దగ్గర గుమిగూడితే, మునిలక్ష్మమ్మ వరుస గుంతల పక్కన కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. పద్దెనిమిది బండ్లు, పన్నెండు చుట్లు. ఎవరు ముందున్నారో ఆమె చూడలేదు. చుట్టు చుట్టుకూ ఒక్క వెనక చక్రాన్నే చూసింది. ఏడో చుట్టుకు మిగిలిన బండ్ల వెనక భాగాలు అటూ ఇటూ తన్నుతుంటే, తోలేవాళ్లు అక్కడికి రాగానే వేగం తగ్గించడం మొదలుపెట్టారు. గోకుల్ తగ్గించలేదు. ఆ గుంతల్లోనే ఒకరిని దాటాడు, తొమ్మిదో చుట్టులో ఇంకొకరిని దాటాడు. ఆమె గుప్పిట్లో కొంగు నలిగి ముద్దయింది. గోకుల్‌ది మూడో స్థానమని మైకులో చెప్పింది ఆమెకు సరిగా వినిపించలేదు, తోడు వచ్చిన మారప్ప పరుగున వచ్చి చెప్పాడు.

బండ్లు నిలిపే గుడారం దగ్గరికి పోయేసరికి, మొదట వచ్చిన బెంగళూరు వాళ్ల మెకానిక్కు గోకుల్ బండి ముందు గొంతుక్కూర్చుని, రంగు లేని ఆ స్ప్రింగులను చూస్తున్నాడు. "ఎల్లి మాడ్సిద్రి?" అని కన్నడంలో అడిగాడు, ఎక్కడ చేయించారని. వరదప్ప పక్కకు జరిగి, చేత్తో ఆమెను చూపించాడు. "మా ఊరి పని. ఈయమ్మ చుట్టింది." అతను లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆమెకు ఎక్కడికైనా పారిపోదామనిపించింది. పారిపోలేదు. తిరిగి నమస్కారం పెట్టింది.

శ్రీనివాసప్ప మాత్రం మూడో స్థానంతో తృప్తిపడే మనిషి కాదు. సోమవారం పొద్దున ఆ జత విప్పించి షెడ్డుకు తెప్పించాడు. భూతద్దం పెట్టి పగులు కోసం వెతికాడు. కొలతపట్టీ తనే తీసుకుని ఎత్తు చూశాడు. లేతు ఆపి మునిలక్ష్మమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఒక స్ప్రింగు కొలిచాడు, రెండోది కొలిచాడు, నమ్మకం లేనట్టు మళ్లీ మొదటిది కొలిచాడు. చుట్టిన రోజు రాసి పెట్టిన అంకెకు రవ్వంత కూడా తగ్గలేదు.

"సరే," అన్నాడు. లేతు వైపు చెయ్యి చూపి తన గదిలోకి పోయాడు. ఆ వారంలోనే ఆర్డరు పుస్తకంలో ఒక కొత్త గడి గీయించాడు: తోలేవాడి బరువు.

పూల బండ్లకు గట్టి స్ప్రింగులు ముందులాగే పోతున్నాయి, అవి అట్లాగే ఉండాలి కూడా. మట్టి బండ్ల వాళ్లు మాత్రం కృష్ణగిరి నుంచీ, బెంగళూరు నుంచీ వరదప్పను వెతుక్కుంటూ రావడం మొదలైంది. వాళ్లను ఆయన ముందు పూల మండీకి పంపి, బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి, ఆ చీటీతో సిప్‌కాట్‌కు పొమ్మనేవాడు. ఒకసారి శూలగిరి నుంచి ఒక పెద్దమనిషి చీటీ లేకుండా నేరుగా వచ్చాడు. బుగ్గలు, మెడ, పొట్ట, అన్నీ నిండుగా ఉన్న మనిషి. బరువెంత అని అడిగితే అటూ ఇటూ చూసి, "డెబ్బై" అన్నాడు. మునిలక్ష్మమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా ఒక్క చూపు చూసి, పుస్తకంలో డెబ్బై అనే రాసి, ఎనభై ఎనిమిదికి చుట్టింది.

నెల తరువాత ఆయన మిఠాయి పొట్లంతో వచ్చాడు. "కరెక్టుగా కుదిరిందమ్మా! డెబ్బైకి చెప్తే డెబ్బైకే చుట్టినారు, ఏం పనితనం!"

"మీరు నిజం చెప్పబట్టే గదప్పా," అంది మునిలక్ష్మమ్మ, తల వంచుకుని లేతు తిప్పుతూ.